ఉద్యోగం మానేసి వ్యవసాయంలోకి వస్తారా? ముందు ఒక్క ఎకరం, ఒక్క ఏడాది

"20 ఏళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను, ఇక చాలు. ఊరికొచ్చి ప్రకృతి వ్యవసాయం చేస్తాను" అంటూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందరికీ ముందు మా బావ సంగతి చెబుతాను.

బావ హైదరాబాద్‌లో మెషిన్ డిజైన్ ఇంజనీరు. 2023 మేలో, 45 ఏళ్ల వయసులో రాజీనామా చేసి, గుడివాడ దగ్గర ఉన్న 4 ఎకరాలూ ఒకేసారి ప్రకృతి వ్యవసాయంలో పెట్టాడు. పైరు బాగానే వచ్చింది. డిసెంబర్‌లో చేను కోసి పనల మీద ఉండగా మిచౌంగ్ తుఫాను పట్టుకుంది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పనలు నీళ్లలో తేలాయి, గింజ మొలకెత్తింది, చల్లిన మినుము కుళ్లిపోయింది. జనవరిలో అమ్మాయి కాలేజీ ఫీజు కోసం అక్క గాజులు తాకట్టుకు వెళ్లాయి.

ఇందులో నా తప్పూ ఉంది. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాణ్ణి, "దిగు బావా, నేనున్నాగా" అన్నాను. ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందో మాత్రం అడగలేదు.

అసలు కష్టం ఎక్కడ?

జీవామృతం నేర్చుకోవడానికి ఒక రోజు చాలు. 200 లీటర్ల నీళ్లు, 10 కేజీల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కలపాలి. ఎకరానికి సరిపోతుంది. కింద వీడియోలో చూపించాను.

కష్టం నెలల లెక్కలో ఉంది. జీతం ప్రతి నెలా పడుతుంది. మన డెల్టాలో జూన్ నుంచి దుక్కి, నారు, నాట్లు, కలుపు, కోత అన్నీ ఖర్చే. వరి డబ్బు కళ్లజూసేది డిసెంబర్, జనవరిలో. కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లిన మినుము నేలలో మిగిలిన తేమ మీదే పెరిగి ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. ఏడాదికి రెండుసార్లే డబ్బు. ఆ సమయానికే తుఫాను వస్తే రెండూ పోతాయి.

నేలను బట్టి లెక్క మారుతుంది

గుడివాడ వైపు బరువైన నల్ల నేలలు. ఇక్కడ సమస్య మురుగు నీరు. డ్రెయిన్ పూడితే వాన నీరు రోజుల తరబడి కదలదు. పొలం చూడాలంటే పెద్ద వాన పడిన మర్నాడు రండి.

బందరు వైపు సముద్రానికి దగ్గరైన చేలల్లో పాల చౌడు ఉంటుంది. ఎండాకాలంలో ఉప్పు పైకి తేలినప్పుడే మట్టి పరీక్ష చేయించండి. చౌడును తట్టుకునే వరి రకాల మీద మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం పనిచేస్తోంది, అక్కడ అడగండి.

దివిసీమలో కోడూరు, నాగాయలంక వైపు కాలువ చివరి భూములు. నీరు ఆలస్యమైతే నారు ఆలస్యం, కోత ఆలస్యం, మినుముకు తేమ తక్కువ. పక్కన రొయ్యల చెరువు ఉంటే ఉప్పు ఊట కూడా చూసుకోవాలి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరే ఉంది, ముందు అక్కడికి వెళ్లండి.

దారి మార్చడం మనకు కొత్త కాదు

బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు సైన్యంలో చేశారు, రైల్వేలో చేశారు, భూగర్భ శాస్త్రం చదివారు. కంబోడియా పత్తి మీద పనిచేసి "పత్తి వెంకయ్య" అనిపించుకున్నారు. 1921లో గాంధీజీకి జెండా అందించిన ఆయన చివరి రోజులు మాత్రం పేదరికంలోనే గడిచాయి. చదువు, పట్టుదల ఉన్నంత మాత్రాన ఇల్లు గడవదని ఆయన జీవితమే చెబుతుంది.

నేను ఇప్పుడు చెప్పే వరుస

1. ఉద్యోగంలో ఉండగానే ఒక్క ఎకరం మొదలుపెట్టండి. నారు నుంచి మినుము నూర్పిడి దాకా ఒక చుట్టు పూర్తి చేయండి. పాలేరుకో, అన్నదమ్ములకో అప్పగించి ఫోన్లో చేసేది లెక్కలోకి రాదు.
2. అప్పులు తీర్చండి. రెండేళ్ల ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, ఆరోగ్య బీమా విడిగా పెట్టండి. ఆ డబ్బు పొలంలో పెట్టకండి.
3. నాటకముందే కొనేవాళ్లను చూసుకోండి. ధాన్యం కాకుండా బియ్యం ఆడించి అమ్మితే మీ పాత ఆఫీసు స్నేహితులే మొదటి గిరాకీ. పీజీఎస్ సర్టిఫికెట్ కావాలంటే కనీసం 5 మంది రైతులు గ్రూపుగా ఉండాలి. ఊళ్లో వాళ్లతో కలవాల్సిందే.
4. ఇంట్లో వాళ్ల ఒప్పుదల తీసుకోండి. గాజులు మీవి కావు.

బావ 2024లో ఇంటి నుంచే కొంత డిజైన్ పని మళ్లీ పట్టాడు. ప్రకృతి వ్యవసాయం ఒక ఎకరానికి తగ్గించి, మిగతా మూడూ కౌలుకిచ్చాడు. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది? వాన, నీరు, కూలి, ఖర్చు రోజూ పుస్తకంలో రాస్తున్నాడు. ఏ మడిలో నీరు నిలుస్తుందో చూసి బోదె తీశాడు. మా ఊళ్లో అలా లెక్క రాసే రైతు ఇంకొకరు లేరు. మీ 20 ఏళ్ల అనుభవం పొలంలో పనికొచ్చేది ఇలాగే.

అక్క గాజులు పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చాయి. రెండో ఎకరం ఎప్పుడు కలపాలో ఇప్పుడు అక్కే చెబుతుంది.

మీ పొలం ఏ ఊళ్లో ఉంది, కాలువ నీరు ఏ నెలలో వస్తుంది, ఈ రెండూ రాసి పంపండి. మిగతాది మాట్లాడుకుందాం.