బడిలో నీరు, వెలుగు

తెలంగాణ సరిహద్దునకు చేరువగా తిరువూరు పట్టణము కలదు. పూర్వము ఇది కృష్ణా జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. కృష్ణాతీరమనగానే పచ్చని డెల్టా పొలములు తలపునకు వచ్చును. కాని తిరువూరు మెట్టసీమ. ఇచ్చట మామిడితోటలు విస్తారము. వానలును, చెఱువులును, బోరుబావులును ఇచ్చటి వారికి ముఖ్యాధారములు. వేసవిలో ఎండ మిక్కుటము. మార్చి నెలలోనే ఒంటిపూట బడులు మొదలగును. ఇట్టి చోట బడిపిల్లలకు గాలియు, నీరును సౌఖ్యములు కావు, అవసరములు.

2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన ‘మన బడి నాడు–నేడు’ కార్యక్రమము మొదటి విడతలో 15,715 ప్రభుత్వ పాఠశాలలను బాగుచేయుటకు ఉద్దేశింపబడినది. నీటి వసతి గల మరుగుదొడ్లు, త్రాగునీరు, ఫ్యాన్లు, దీపములు అందలి ముఖ్యాంశములు. అయితే వస్తువులు సమకూరుట మొదటి మెట్టు మాత్రమే. కరెంటు బిల్లు నెలనెలా వచ్చును. బోరు ఎండినచో కుళాయి వట్టిపోవును. నీరు లేని మరుగుదొడ్డికి తాళము పడును. అప్పుడు అందరికన్న ముందు కష్టపడువారు బాలికలు. కావున ఉన్నదానిని పొదుపుగా వాడుకొనుట బడికి ప్రాణావసరము.

ముందుగా ఎండను గూర్చి యోచింపవలెను. సిమెంటు కప్పు పగలెల్ల వేడిని పీల్చి గదిలోనికి దించును. కప్పుపై తెల్లసున్నము గాని, వేడిని త్రిప్పికొట్టు తెల్లరంగు గాని పూసినచో గది చల్లబడును. పొరుగున నున్న తెలంగాణ ప్రభుత్వము 2023లో ఇట్టి చల్లని కప్పుల కొఱకు ఒక విధానమునే ప్రకటించినది. పడమటి దిక్కున వేప, కానుగ చెట్లు నాటినచో సాయంకాలపు ఎండ గోడలకు తగులదు. ఎదురెదురుగా కిటికీలు తెఱచినచో గాలి ధారాళముగా ప్రసరించును. దీనికి కరెంటు ఖర్చు లేదు.

పిదప ఫ్యాన్ల సంగతి. పాతరకపు ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తును వాడును, క్రొత్తరకపు బి.ఎల్.డి.సి. ఫ్యానుకు సుమారు 30 వాట్లు చాలును. ఒక బడిలో 20 ఫ్యాన్లు దినమునకు 6 గంటలు తిరుగుననుకొందము. పాతవానికి 9 యూనిట్లు, క్రొత్తవానికి 3.6 యూనిట్లు ఖర్చగును. 200 పనిదినములలో మిగులునది 1,080 యూనిట్లు! అట్లే 60 వాట్ల పాతబల్బు ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఇచ్చును.

నీటికిని కరెంటుకును దగ్గఱి బంధుత్వము కలదు. టాంకు నిండి పొర్లిపోవునప్పుడు నీటితోపాటు మోటారు వాడిన విద్యుత్తు కూడ నేలపాలగును. కారుచున్న కుళాయి క్రింద ఒక గిన్నెనుంచి చూడవలెను. పది నిమిషములలో 100 మిల్లీలీటర్లు చేరినచో, ఒక దినమున కారునది 14.4 లీటర్లు. అరిగిన చిన్న వాషరును మార్చిన ఈ నష్టము చాలవఱకు ఆగును.

వాన మాట యేమి? ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. 200 చదరపు మీటర్ల కప్పుపై 50 మిల్లీమీటర్ల వాన పడినచో 10,000 లీటర్లు! ఈ నీటిని గొట్టముల ద్వారా ఇంకుడుగుంతకు మరల్చినచో అది భూమిలోనికి ఇంకి, చుట్టుపట్ల బోర్లకు ఆసరా యగును. తొలకరి వానకు కప్పును, గొట్టములను శుభ్రపఱచి, మొదటి మురికినీటిని విడిచివేయవలెను. బోరు ఎండిన పిదప గుంత త్రవ్వుట చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వంటిది.

ఇందు విద్యార్థుల పాత్ర చిన్నది కాదు. ప్రతి సోమవారము మీటరులోని అంకెలను ఒక పుస్తకమున వ్రాయుట, గది విడుచునప్పుడు మీట ఆర్పుట, కారు కుళాయిని ఉపాధ్యాయులకు తెలుపుట వారి చేతిలోని పనులే. గణిత పాఠమున నేర్చిన గుణకారము ఇట్లు బడికే ఉపయోగపడును. నేడు మిగిల్చిన నీరు రేపు చేరబోవు చిన్నారుల దాహము తీర్చును.