ముందు నీ పేరేంటి?

ఒక్క దఫాలో నాలుగేసి ఇటుకలు మోయగల కూలీ పనికి వచ్చాడు. మేస్త్రి అతని కండలు చూడలేదు, పేరడిగాడు. చెప్పగానే ‘నువ్వు మావాడివి కాదు, ఒక్కోటే మొయ్యి’ అన్నాడు. సాయంత్రం ఇంటి యజమాని వచ్చి చూసి ‘ఈ కూలీ ఒట్టి నిదానం’ అనుకున్నాడు!

కంప్యూటర్ల లోకంలో కొన్నేళ్లపాటు అచ్చం ఇలాగే జరిగింది. అక్కడ కూలీ ప్రాసెసర్ చిప్. మేస్త్రి కంపైలర్... అంటే మనుషులు రాసిన ప్రోగ్రామ్‌ని చిప్‌కి అర్థమయ్యేలా మార్చిపెట్టే దుబాసీ అన్నమాట.

గేమ్‌లో బంతి ఎగరాలన్నా, రేపటి వాతావరణం అంచనా కట్టాలన్నా కోట్లకొద్దీ దశాంశ లెక్కలు చేయాలి. వాటికోసమే చిప్‌లలో ప్రత్యేక ఆదేశాలు వచ్చాయి. ఏఎండీ 1998లో ‘త్రీడీ నౌ’ తెస్తే, ఇంటెల్ 1999లో పెంటియం-3తో ‘ఎస్ఎస్ఈ’ తెచ్చింది. ఒక్క ఆదేశంతో నాలుగు దశాంశ సంఖ్యల లెక్క! తర్వాత ఏఎండీ చిప్‌లూ ఈ విద్య నేర్చాయి.

చిక్కేమిటంటే, ఇది రాని పాత చిప్ మీద ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని కంపైలర్ ఒకే పనికి వేగమైన దారీ, మామూలు దారీ రెండూ సిద్ధంచేస్తుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు చిప్‌నే అడిగి ఒకటి ఎంచుకుంటుంది. చిప్ తయారీదారు పేరూ చెబుతుంది, తనకొచ్చిన విద్యలూ చెబుతుంది. న్యాయంగా చూడాల్సింది విద్యల్నే. ఇంటెల్ కంపైలర్ మాత్రం పేరు కూడా చూసేది. ‘జెన్యూన్ ఇంటెల్’ అని లేకపోతే మామూలు దారే గతి! చిప్ కొన్నవాళ్లకి ఇదంతా ఎలా తెలుస్తుంది? తమ కంప్యూటరే నెమ్మది అనుకునేవారు.

డెన్మార్క్‌కి చెందిన ఆగ్నర్ ఫాగ్ ఈ గుట్టుని ఓపిగ్గా విప్పి రాశారు. 2008లో జరిగిన ఒక పరీక్ష మరీ తమాషా. పేరు మార్చుకునే వీలున్న వయా కంపెనీ ‘నానో’ చిప్‌కి ‘జెన్యూన్ ఇంటెల్’ అని పేరు పెట్టి చూశారు. ఒక పరీక్షా ప్రోగ్రామ్‌లో మెమరీ స్కోరు దాదాపు 47 శాతం పెరిగింది. చిప్ అదే, ప్రోగ్రామ్ అదే!

ఏఎండీ 2005లో వేసిన దావాలో ఈ కంపైలర్ ఆరోపణా ఉంది. 2009 నవంబరులో ఇంటెల్ 125 కోట్ల డాలర్లిచ్చి రాజీపడింది. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మరో మెలిక పెట్టింది. ఇతరుల చిప్‌ల మీద తన కంపైలర్ అంతే వేగం ఇవ్వకపోవచ్చని ఇంటెల్ కొనేవాళ్లకి స్పష్టంగా చెప్పాలి. వేరే కంపైలర్‌కి మారే సాఫ్ట్‌వేర్ సంస్థల ఖర్చులకు కోటి డాలర్ల నిధీ పెట్టాలి. తప్పు ఒప్పుకోకుండానే ఇంటెల్ సరేనంది. గమనించారా... పేరు అడగడం మానెయ్యమని కాదు, అడుగుతున్నామని చెప్పమనే!

అందుకే 2019లోనూ ఇదే గొడవ. ఇంజినీర్లు వాడే ‘మాట్‌ల్యాబ్’లోని ఇంటెల్ గణిత లైబ్రరీ ఏఎండీ ‘రైజెన్’ చిప్‌లపై నిదానంగా నడుస్తోందని వాడేవాళ్లు పట్టేశారు. ఒక చిన్న సెట్టింగ్ మారిస్తే పరుగందుకుంది. మాట్‌ల్యాబ్ వాళ్లు 2020 విడుదలలో ఆ కిటుకుని తామే చేర్చేశారు. ఇంటెల్ తర్వాతి లైబ్రరీలో ఆ సెట్టింగే తీసేసింది.