సూర్యుణ్ణి దించుతామన్నవారి జమాఖర్చులు

2022 డిసెంబర్ 5, అర్ధరాత్రి దాటి ఒంటిగంట. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 192 లేజర్ కిరణాలు ఒక్కసారిగా ఒక బుల్లి బంగారు డబ్బీలోకి దూసుకెళ్లాయి. డబ్బీ పొడవు సెంటీమీటరు. దాని మధ్యలో రెండు మిల్లీమీటర్ల వజ్రపు గుండు. గుండు లోపలి గోడకు, గడ్డకట్టేంత చలిలో, హైడ్రోజన్ జాతికే చెందిన డ్యుటీరియం, ట్రిటియం పల్చటి పొరగా అంటుకుని ఉన్నాయి. కిరణాలు గుండును నేరుగా తాకవు. డబ్బీ గోడలకు తగిలి, బంగారం ఎక్స్‌రేలు కక్కేలా చేస్తాయి. ఆ ఎక్స్‌రేల ధాటికి వజ్రం పైపొర బయటికి పేలిపోతుంది, మిగిలిన పొర అంతే వేగంతో లోపలికి నొక్కుకుంటుంది. ఇదంతా సెకనులో కోటోవంతు కూడా పట్టదు.

ఆ రాత్రి డబ్బీలోకి గుమ్మరించిన లేజర్ శక్తి 2.05 మెగాజౌళ్లు. బయటికి వచ్చిన సంలీన (ఫ్యూజన్) శక్తి 3.15 మెగాజౌళ్లు. పెట్టినదానికన్నా ఎక్కువ రావడం ప్రయోగశాలల చరిత్రలో అదే మొదటిసారి. ఎనిమిది రోజుల తర్వాత అమెరికా ఇంధన మంత్రి జెనిఫర్ గ్రాన్‌హోమ్ వాషింగ్టన్‌లో ఆ సంగతి ప్రకటించారు. ప్రపంచమంతా పతాక శీర్షికలు.

ఇప్పుడు ఇదే సంగతిని కరెంటు బిల్లు లెక్కలో చూద్దాం. 3.15 మెగాజౌళ్లంటే ఒక యూనిట్ కూడా కాదు, పది లీటర్ల నీళ్లు మరగడానికి సరిపోయే వేడి. ఆ లేజర్లను వెలిగించడానికి గ్రిడ్ నుంచి లాగిన కరెంటు సుమారు 300 మెగాజౌళ్లు, అంటే 83 యూనిట్లు. డబ్బీ దగ్గర లెక్క మొదలుపెడితే సగానికి సగం లాభం. గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలుపెడితే వంద పెట్టిన చోట ఒక్కటి చేతికొచ్చింది. రెండు లెక్కలూ నిజమే, ఎవరూ అబద్ధమాడలేదు. ఫ్యూజన్ మీద ఆశ పెట్టుకున్నవారికీ పెదవి విరిచేవారికీ మధ్య డెబ్బై ఏళ్లుగా నడుస్తున్న తగవులో చాలాభాగం ఇదే: పద్దు ఎక్కడ మొదలుపెట్టాలి?

లివర్‌మోర్ కేంద్రాన్ని కరెంటు కోసం కట్టలేదన్న మాట కూడా ఆ శీర్షికల సందడిలో అడుగున పడింది. 1992 తర్వాత అమెరికా అణ్వస్త్ర పరీక్షలు మానేసింది. దాచుకున్న ఆయుధాలు పనిచేస్తాయో లేదో పేల్చకుండానే సరిచూసుకోవడం ఈ లేజర్ల ప్రధాన బాధ్యత. విద్యుత్ కేంద్రంగా పనికి రావాలంటే ఇలాంటి గుండ్లను సెకనుకు పది చొప్పున పేల్చాలి. పైగా ఆ గుండు మహా పేచీకోరు. 2021 ఆగస్టులో 1.35 మెగాజౌళ్లు వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు అదే ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేసి చూశారు. అంత శక్తి రాలేదు. వజ్రపు గోడలో కంటికి ఆనని లోపాలు చాలు, నొక్కుడు వంకరపోవడానికి. అయినా వాళ్లు పట్టు వదల్లేదు, 2025 నాటికి 8.6 మెగాజౌళ్ల దాకా లాక్కొచ్చారు. పది లీటర్ల నీళ్ల గురించి నవ్వేవారు ఈ అంకెను కూడా గుర్తుంచుకోవాలి.

ఇంత తంటా ఎందుకంటే, పరమాణు కేంద్రకాలన్నిటిదీ ధనావేశమే. దగ్గరికి తెస్తే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ నెట్టుడును మించిన వేగంతో ఢీకొడితేనే డ్యుటీరియం, ట్రిటియం కలిసిపోయి ఒక హీలియం కేంద్రకాన్నీ ఒక న్యూట్రాన్‌నూ వదులుతాయి. సూర్యుడి గర్భంలో వేడి కోటిన్నర డిగ్రీలే, కానీ అక్కడ నక్షత్రం బరువంతా పైనుంచి నొక్కుతుంటుంది, పైగా సూర్యుడికి తొందరేమీ లేదు. భూమ్మీద ఆ బరువు లేదు. అందుకని ఇక్కడ పదిహేను కోట్ల డిగ్రీలు కావాలి. ఆ వేడికి ఎలక్ట్రాన్లు విడిపోయి వాయువు ప్లాస్మాగా మారుతుంది, దాన్ని ఏ లోహపు పాత్రా పట్టలేదు. అయస్కాంత క్షేత్రంతో గాలిలో నిలబెట్టాలి, లేదా లివర్‌మోర్‌లో చేసినట్టు చెదిరిపోయేలోపే పని కానిచ్చేయాలి.

ఈ కష్టం తెలియక ముందు అందరికీ తొందరే. 1951 మార్చిలో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్, తమ దేశం ఫ్యూజన్‌ను లొంగదీసిందని పత్రికలవారిని పిలిచి చెప్పాడు. హ్యూముల్ అనే దీవిలో రోనాల్డ్ రిక్టర్ అనే శాస్త్రజ్ఞుడికి ఆయన కట్టించిన ప్రయోగశాలలో ఏమీ జరగలేదని మరుసటి ఏడాదే తేలిపోయింది. 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన అణుశక్తి శాంతి సదస్సుకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులోకి తెచ్చే మార్గం దొరుకుతుందని జోస్యం చెప్పాడు. భాభా ఊహాజీవి కాదు, అప్పటి భౌతికశాస్త్రంలో అగ్రశ్రేణి మనిషి. ఆయనే అలా అన్నాడంటే మిగతావారి ఉత్సాహం ఏ స్థాయిలో ఉండేదో అర్థమవుతుంది. 1958 జనవరిలో బ్రిటన్ వంతు. హార్వెల్‌లోని జీటా యంత్రం నుంచి వస్తున్న న్యూట్రాన్లు ఫ్యూజన్‌వేనని 90 శాతం నమ్మకంతో ఉన్నామని సర్ జాన్ కాక్‌క్రాఫ్ట్ ప్రకటించాడు. మే నెలకల్లా ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. న్యూట్రాన్లు వచ్చిన మాట నిజం. అవి వేడి వల్ల పుట్టలేదు, ప్లాస్మా మెలికలు తిరిగినప్పుడు అక్కడక్కడా కొన్ని అయాన్లు విసురుగా ఢీకొనడం వల్ల పుట్టాయి.

ఈ పరాభవం తర్వాత పదేళ్లకు జరిగిన కథ మాత్రం అనుమానం ఎలా ఉండాలో చూపిస్తుంది. 1968లో నోవొసిబిర్స్క్ సదస్సులో సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ అర్త్సిమోవిచ్ లేచి, మాస్కోలోని తమ టీ-3 టోకమాక్‌లో (ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే గారె ఆకారపు యంత్రంలో) ప్లాస్మా వేడి కోటి డిగ్రీలకు చేరిందన్నాడు. అప్పటికి పాశ్చాత్య యంత్రాలు అందుకున్నదానికి అది చాలా ఎత్తు. వినేవారు నమ్మలేదు. అర్త్సిమోవిచ్ కోపగించుకోలేదు. మీరే వచ్చి కొలుచుకోండని బ్రిటన్‌లోని కల్హామ్ ప్రయోగశాలను పిలిచాడు. ప్రాగ్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు దిగిన ఏడాది అది! అయినా నికోల్ పీకాక్ నాయకత్వంలో కల్హామ్ బృందం టన్నులకొద్దీ సామాను పెట్టెలకెత్తుకుని మాస్కో చేరింది.

వాళ్లు తెచ్చిన కొలత పద్ధతి ముచ్చటైనది. ప్లాస్మాలోకి థర్మామీటర్ పెట్టడం కుదరదు కదా. రూబీ లేజర్ ఎర్రటి కాంతిని అందులోంచి పంపితే ఎలక్ట్రాన్లు దానిలో రవ్వంత చెదరగొడతాయి. ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా పరుగెడుతుంటే చెదిరిన కాంతి రంగు అంత వెడల్పుగా విస్తరిస్తుంది. ఆ వెడల్పు కొలిస్తే వేడి తెలిసిపోతుంది. 1969లో కొలిచారు. రష్యన్లు చెప్పింది నిజమే. ఆ ఫలితం రాగానే అమెరికాలోని ప్రిన్‌స్టన్‌ వారు స్టెల్లరేటర్ అనే తమ మరో రకం అయస్కాంత యంత్రాన్ని విప్పి టోకమాక్‌గా మార్చేసుకున్నారు. నమ్మనివాడి చేతికే కొలబద్ద ఇవ్వడం ఫ్యూజన్ రంగంలో అన్నిసార్లూ జరిగిన పని కాదు. 1989 మార్చిలో యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లీష్‌మన్, పాన్స్ ‘గది వేడిలోనే ఫ్యూజన్’ అని పత్రికలవారికి ముందు చెప్పి, తోటి శాస్త్రజ్ఞులకు వివరాలు తర్వాత ఇచ్చారు. ఆ కథ నెలల్లోనే కంచికి చేరింది.

ఒకప్పుడు తెలుగు ఊళ్లలో ఇంటి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. ఫ్యూజన్ తలుపు మీద కూడా ఏ రోజు చూసినా అదే రాత ఉంటుందని ఎగతాళి చేసేవారికి లోటు లేదు. అయితే ఆ ఎగతాళిలో ఒక అన్యాయముంది. 1976లో అమెరికా ప్రభుత్వమే ఒక ప్రణాళిక వేసుకుని, ఏటా ఎంత డబ్బు పెడితే ఎన్నేళ్లకు విద్యుత్ కేంద్రం వస్తుందో గీతలు గీసి చూపింది. ఇంతకన్నా తక్కువ ఇస్తే ఎప్పటికీ రాదన్న గీత కూడా అందులో ఉంది. తర్వాత ఇచ్చింది ఆ గీతకన్నా తక్కువే.

ఈలోగా ఇంగ్లండ్‌లోని జెట్ టోకమాక్ 1983లో మొదలై 2023 డిసెంబర్‌లో మూతపడింది. మూసేముందు ఐదు సెకన్లలో 69 మెగాజౌళ్లు ఇచ్చి పోయింది. దానికి ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాము. అంత వేడికి బొగ్గయితే కిలోల్లో తగలెయ్యాలి. ఫ్యూజన్ మీద మోజు ఎందుకు చావదో ఈ ఒక్క అంకె చెబుతుంది. దానికితోడు పొగ లేదు, వేల ఏళ్లు కాపలా కాయాల్సిన అణువ్యర్థం లేదు, అదుపు తప్పితే ప్లాస్మా చల్లారిపోతుందే తప్ప కొలిమిలా కరిగి పారదు. ఇక ఖర్చు వైపు చూస్తే, జెట్ అయస్కాంతాలకు కరెంటు ఇవ్వడం గ్రిడ్ ఒక్కదానివల్ల అయ్యేది కాదు. ఒక్కోటి 775 టన్నుల బరువున్న రెండు ఫ్లైవీళ్లను నిమిషాల తరబడి తిప్పి, వాటిలో కూడబెట్టిన శక్తిని ఒక్క ఊపున వాడుకునేవారు.

జెట్‌కు పెద్దన్న ఈటర్. దక్షిణ ఫ్రాన్స్‌లోని కాదరాష్‌లో ముప్పైకి పైగా దేశాలు కలిసి కడుతున్నాయి. 2005లో చేరిన భారత్ వంతు పనిలో అన్నిటికన్నా కళ్లకు కట్టేది క్రయోస్టాట్. యంత్రం మొత్తాన్నీ కప్పే 3,850 టన్నుల స్టీలు పాత్ర అది, ఎత్తు 29 మీటర్లు. గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ ముక్కలుగా చేసి ఓడల్లో పంపింది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ 1989 నుంచీ ఆదిత్య అనే సొంత టోకమాక్ నడుపుతూ వచ్చింది కాబట్టి ఈ పనికి మనవాళ్లు కొత్తవాళ్లేమీ కారు.

ఈటర్ హామీ: 50 మెగావాట్ల వేడి ఎక్కిస్తే 500 మెగావాట్లు రావడం. ఇక్కడా పద్దు ప్లాస్మా దగ్గరే మొదలవుతుంది. అయస్కాంతాలను గడ్డకట్టించే శీతల యంత్రాలు, పంపులు తినే కరెంటు ఆ 50లో చేరదు. ఈటర్ ఒక్క యూనిట్ కరెంటు కూడా ఉత్పత్తి చేయదు, అందుకు కట్టలేదు. 2025లో వెలగాల్సిన యంత్రం కథ ఇలా సాగింది: నిర్వాత పాత్ర ముక్కల అంచులు ఒకదానికొకటి సరిగ్గా అతకలేదు, ఉష్ణకవచానికి అంటించిన శీతల గొట్టాల్లో పగుళ్లు బయటపడ్డాయి, కిలోమీటర్లకొద్దీ గొట్టం పీకి మళ్లీ వేయాల్సి వచ్చింది. 2024లో ప్రకటించిన కొత్త గడువుల ప్రకారం పరిశోధన మొదలయ్యేది 2034లో, అసలైన డ్యుటీరియం-ట్రిటియం మంట 2039లో.

ఈ ఆలస్యం సాగుతుండగానే ప్రైవేటు కంపెనీలు రంగంలోకి దూకాయి. వాటిలో మసాచుసెట్స్‌లోని కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్‌ది గట్టి పునాది. 2021 సెప్టెంబర్‌లో వాళ్లు ఎంఐటీతో కలిసి 20 టెస్లాల అతివాహక అయస్కాంతాన్ని నడిపి చూపారు. అయస్కాంత బలం రెట్టింపైతే అదే పరిమాణంలో ప్లాస్మా ఇవ్వగల శక్తి పదహారు రెట్లవుతుంది కాబట్టి యంత్రం చిన్నదైనా చాలు. స్పార్క్ అనే ఆ యంత్రం కట్టడం పూర్తికాకముందే, దాని తర్వాత వర్జీనియాలో రాబోయే విద్యుత్ కేంద్రం నుంచి 200 మెగావాట్లు కొంటామని గూగుల్ 2025లో ఒప్పందం రాసుకుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని హీలియాన్ కంపెనీ మరీ ముందుకెళ్లి, 2028లో మైక్రోసాఫ్ట్‌కు కరెంటు ఇస్తామని 2023లోనే సంతకం చేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అయస్కాంతం నిజమైన ముందడుగే. ఒప్పంద పత్రం భౌతికశాస్త్ర ఫలితం కాదు, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఈ గడువులన్నిటి వెనుకా, పతాక శీర్షికల్లో అరుదుగా కనబడే పద్దు ఒకటుంది. ట్రిటియం. ఫ్యూజన్ ఇంధనం సముద్రపు నీళ్లలో కావలసినంత ఉందంటారు. అది సగం నిజం. డ్యుటీరియం నీళ్లలో ఉంది, ప్రతి 6,400 హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకటి అదే. మణుగూరు దగ్గర అశ్వాపురంలోని భారజల కర్మాగారం గోదావరి నీళ్ల నుంచి దాన్నే వేరు చేస్తోంది. ట్రిటియం అలా దొరకదు. భారజల రియాక్టర్లలో డ్యుటీరియం న్యూట్రాన్‌ను మింగినప్పుడు కాస్త కాస్త పుడుతుంది. కెనడా రియాక్టర్ల పుణ్యమా అని ప్రపంచంలో అమ్మకానికి వీలైన నిల్వ పాతిక కిలోల చిల్లర. వెయ్యి మెగావాట్ల సంలీన శక్తి ఏడాది పొడుగునా ఇచ్చే కేంద్రం ఒక్కటే 55 కిలోలు తినేస్తుంది.

కాబట్టి ట్రిటియాన్ని మండించే ప్రతి కేంద్రమూ తన ఇంధనం తానే పండించుకోవాలి. ప్లాస్మా చుట్టూ లిథియం పరిస్తే, బయటికొచ్చే న్యూట్రాన్ దాన్ని ఢీకొని ట్రిటియం పుట్టిస్తుంది. ఒక ట్రిటియం మండితే వచ్చేది ఒక్క న్యూట్రానే. అది గొట్టానికో గోడకో తగిలి వృథా అయితే అక్కడికి లోటే. అందుకే బెరీలియం, సీసం లాంటివి కలిపి న్యూట్రాన్ల సంఖ్య పెంచాలని చూస్తున్నారు. కాగితం మీద ఒకటికి కాస్త పైచిలుకు వస్తోంది. పూర్తి స్థాయి యంత్రంలో ఇంతవరకు ఎవరూ చేసి చూపలేదు. పుట్టే శక్తిలో 80 శాతం మోసుకెళ్లే ఆ న్యూట్రాన్లు గోడ స్టీలులోని పరమాణువులను స్థానాల నుంచి తన్నేస్తాయి కూడా. ఆ దెబ్బకు ఏ లోహం ఎన్నేళ్లు ఆగుతుందో పరీక్షించడానికి స్పెయిన్‌లోని గ్రనడా దగ్గర ప్రత్యేక కేంద్రం ఇప్పుడే కడుతున్నారు.

లిథియం పలకలను ఈటర్‌లో చిన్న ఎత్తున పెట్టి చూడాలన్నది ప్రణాళిక. వాటికి అసలు పరీక్ష ట్రిటియం మండడం మొదలయ్యాకే, అంటే 2039లోనో ఆ తర్వాతో. ట్రిటియం అర్ధాయుష్షు 12.3 ఏళ్లు. 2025లో దాచిన గ్రాములో అప్పటికి అరగ్రాము కూడా మిగలదు.