మెల్లగా పాడితే... మనసుకు వినిపించింది!

వేదికమీద మంటలుండవు. గాల్లోకి ఎగిరే డాన్సర్లుండరు. గాయకుడు గొంతు చించుకోడు. పక్కింటి కుర్రాడు కిటికీ దగ్గర కూర్చుని తనకోసం తాను పాడుకుంటున్నట్టుంటుంది. అయినా ఆ పాటకోసం జనం దేశాలు దాటి వస్తారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో పుట్టిన ‘బెల్ అండ్ సెబాస్టియన్’ బృందానికీ, దాని అభిమానులకూ మధ్య 1996 నుంచీ సాగుతున్న స్నేహం కథ ఇది.

2017 ఆగస్టు. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం. కచేరీల కోసం ఊరూరా తిరుగుతున్న ఓ బృందం బస్సు అర్ధరాత్రి వాల్‌మార్ట్ దుకాణం దగ్గర కాసేపు ఆగింది. డ్రమ్స్ వాయించే రిచర్డ్ కోల్‌బర్న్ రాత్రి దుస్తుల్లోనే దిగాడు. ఆ సంగతి ఎవరూ చూడలేదు. బస్సు కదిలింది. తెల్లారాక చూస్తే మనిషి లేడు. ఫోన్ కూడా బస్సులోనే ఉండిపోయింది! పెద్ద పేరున్న బృందమైతే ఇలాంటి సంగతి బయటికి పొక్కనివ్వదు. వీళ్లు మాత్రం నేరుగా ట్విటర్‌లో అభిమానులకే చెప్పేశారు. మావాణ్ని పైజమాలో వదిలేసి వచ్చాం, ఎవరైనా కాస్త మిన్నెసోటా చేర్చగలరా అని అడిగారు. చివరికి కోల్‌బర్న్ విమానం పట్టుకుని కచేరీ వేళకు వచ్చేశాడు. విన్నవాళ్లంతా నవ్వుకున్నారు.

ఇంటివాళ్ల దగ్గర చెప్పుకున్నంత చనువుగా అభిమానులతో చెప్పుకోవడం ఈ బృందానికి ఎలా అలవాటైంది? అది తెలియాలంటే, కుర్రతనంలో ఏడేళ్లు జబ్బుతో గడిపిన ఓ మనిషి దగ్గరికి వెళ్లాలి.

నీరసంలోంచి పుట్టిన రాగం

అతని పేరు స్టువర్ట్ మర్డాక్. 1968లో పుట్టాడు. గ్లాస్గోలో చదువుకునే రోజుల్లో పరుగంటే ఇష్టం, పాటలంటే పిచ్చి. ఇరవయ్యో పడిలోకి అడుగుపెట్టాడో లేదో, ఒంట్లో సత్తువ ఉన్నట్టుండి పోయింది. విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట. చదువు మానేశాడు, పని చేయలేడు. డాక్టర్లు దానికి ‘క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఎంఈ అని కూడా అంటారు. ఫలానా పరీక్ష చేస్తే ఇదీ జబ్బని తేలిపోయే రకం కాదు. పూర్తిగా నయంచేసే మందు ఇప్పటికీ లేదు.

అన్నిటికన్నా బాధ, చూసేవాళ్లు నమ్మకపోవడం. 1980ల చివర్లో బ్రిటన్ పత్రికలు దీన్ని ‘యప్పీ ఫ్లూ’ అని ఎగతాళి చేసేవి. అంటే బాగా సంపాదించే పట్నం కుర్రకారుకు వచ్చే సోకు జబ్బన్నమాట! పైకి చూస్తే మనిషి బాగానే ఉంటాడు. మెట్లెక్కాలంటే మాత్రం ప్రాణం పోతుంది. ఆ అవమానం పడ్డవాళ్లకే తెలుస్తుంది.

సాటివాళ్లు ఉద్యోగాల్లో చేరుతూ, పెళ్లిళ్లు చేసుకుంటూ ముందుకెళ్లిపోతుంటే మర్డాక్ గదిలో కూర్చున్నాడు. అప్పుడే మెల్లమెల్లగా పాటలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ పాటల్లో వీరులుండరు. బస్సులో ఒంటరిగా కూర్చున్న అమ్మాయి, బడిలో ఎవరితోనూ కలవలేని అబ్బాయి, పరుగు పందేలు, చర్చి మెట్లు, వాన... ఇవే. అరిచి పాడే శక్తి లేని రోజుల్లో కట్టిన పాటలు కాబట్టి వాటికి అరుపుతో పనిలేదు.

వెయ్యి రికార్డులు

కాస్త కోలుకున్నాక మర్డాక్, నిరుద్యోగుల కోసం నడిపే ఓ సంగీత శిక్షణ కార్యక్రమంలో చేరాడు. అక్కడ స్టువర్ట్ డేవిడ్ పరిచయమయ్యాడు. ఇద్దరూ కలిసి కొన్ని పాటలు రికార్డు చేశారు. ఆ టేపు గ్లాస్గోలోని స్టో కాలేజీకి చేరింది. అక్కడ మ్యూజిక్ బిజినెస్ కోర్సు విద్యార్థులు ‘ఎలక్ట్రిక్ హనీ’ పేరుతో ఓ చిన్న రికార్డు సంస్థ నడిపేవారు. ఏటా ఓ కొత్త బృందాన్ని ఎంచుకుని ఒకటి రెండు పాటలు విడుదల చేయడం వాళ్ల ఆనవాయితీ. మర్డాక్ దగ్గర చూస్తే ఒక ఆల్బమ్‌కు సరిపడా పాటలున్నాయి. సరే, ఆల్బమే చేద్దామన్నారు.

1996 మొదట్లో బృందం కూడింది. ఇసోబెల్ క్యాంప్‌బెల్ సెల్లో, స్టీవీ జాక్సన్ గిటార్, క్రిస్ గెడ్డెస్ కీబోర్డు, కోల్‌బర్న్ డ్రమ్స్. సెసిల్ ఓబ్రీ అనే ఫ్రెంచి రచయిత్రి పిల్లలకోసం సృష్టించిన ఓ అబ్బాయి, అతని కుక్క కథ పేరునే బృందానికి పెట్టుకున్నారు. మూడు రోజుల్లో రికార్డింగ్ పూర్తి. ఆ జూన్‌లో ‘టైగర్‌మిల్క్’ వచ్చింది. అచ్చంగా వెయ్యి గ్రామఫోన్ రికార్డులు, అంతే!

ఆ వెయ్యీ చేతులు మారాయి. దొరకనివాళ్లు స్నేహితుల దగ్గర క్యాసెట్లలోకి ఎక్కించుకున్నారు. ఆ క్యాసెట్ నుంచి మరో క్యాసెట్‌కు... అలా పాట అరిగిపోతూనే ఊళ్లు దాటింది. అసలు రికార్డు వందల పౌండ్లు పలికింది. 1999లో మళ్లీ విడుదలయ్యేదాకా చాలామంది అభిమానులు విన్నది ఎవరో ప్రేమగా చేసిచ్చిన నకలునే. 1996 నవంబరులోనే రెండో ఆల్బమ్ ‘ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్’ వచ్చేసింది. ఈ బృందం పాటల్లో ఏది గొప్పదని అడిగితే ఇప్పటికీ ఎక్కువమంది చెప్పే పేరు అదే.

ముఖం దాచుకుని...

మొదట్లో వీళ్లు పత్రికలకు ఇంటర్వ్యూలు ఇచ్చేవారు కాదు. ఫొటోలు అడిగితే తమవి కాకుండా స్నేహితులవి పంపిన రోజులున్నాయి. ఆల్బమ్ అట్టలమీద కూడా బృందం పెద్దగా కనిపించదు. ఒకే రంగులో ముంచి తీసినట్టుండే ఫొటో... అందులో ఎవరో మామూలు మనిషి ఆలోచనలో ఉంటారు. వాటిలో చాలావాటికి కెమెరా పట్టింది మర్డాకే. కచేరీలు కూడా చర్చి హాళ్లలాంటి చోట్ల పెట్టుకునేవారు. మర్డాక్ అప్పట్లో హైండ్‌లాండ్ అనే పేటలోని ఓ చర్చి హాలు పైగదిలో ఉంటూ, దాని బాగోగులు చూసే పని చేసేవాడు. చర్చి బృందగానంలో గొంతు కలిపేవాడు.

ఇదంతా ప్రచారం కోసం వేసిన ఎత్తు అన్నవాళ్లూ ఉన్నారు. ఫలితం మాత్రం ఒకటే. గాయకుడి ముఖం తెలియదు కాబట్టి వినేవాళ్లు అక్కడ తమ ముఖం పెట్టుకున్నారు. ‘ఇది నా గురించే రాశాడు’ అనుకున్నారు. అభిమానం మొదలయ్యేది అక్కడే!

ఓట్లేసి గెలిపించారు

నెమ్మదస్తులు కదా అని ఈ అభిమానుల్ని తక్కువ అంచనా వేస్తే పొరపాటే. 1999లో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ కొత్త బృందం ఎవరన్న పోటీ వచ్చింది. ఎటు చూసినా ‘స్టెప్స్’ అనే హుషారైన పాప్ బృందం పేరే. ఫలితం చూస్తే గెలిచింది బెల్ అండ్ సెబాస్టియన్! ఓట్లేసేది జనం కాబట్టి అభిమానులు కంప్యూటర్ల ముందు కూర్చుని ఓట్లు గుప్పించారు. స్టెప్స్ నిర్మాత పీట్ వాటర్‌మన్ ఓటింగ్‌మీద అనుమానాలు లేవనెత్తాడు. పత్రికల్లో గొడవ గొడవ. ఎప్పుడూ నోరెత్తనివాళ్లంతా ఒక్కసారి చెయ్యెత్తితే ఎలా ఉంటుందో సంగీత వ్యాపారులకు అప్పుడు తెలిసింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మరో ముచ్చట. ఇంగ్లాండ్ దక్షిణ తీరాన క్యాంబర్ శాండ్స్‌లో సముద్రం పక్కన సెలవులు గడిపే కుటుంబాలకోసం కట్టిన చిన్న చిన్న ఇళ్లున్నాయి. వాటిని తీసుకుని ‘బౌలీ వీకెండర్’ పేరుతో మూడురోజుల పాటల పండుగ పెట్టారు. ఎవరు పాడాలో ఎంచింది బెల్ అండ్ సెబాస్టియనే. బురదలో గుడారాలు లేవు, తారలకు వేరే విడిదీ లేదు. పాడేవాళ్లూ వినేవాళ్లూ ఇరుగుపొరుగు ఇళ్లలో దిగారు. ఆ పద్ధతి అందరికీ నచ్చి, మర్నాటి ఏడాది నుంచి ‘ఆల్ టుమారోస్ పార్టీస్’ అనే పేరున్న ఉత్సవానికి దారితీసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2019 ఆగస్టులో ‘బోటీ వీకెండర్’ జరిగింది. ఈసారి వేదిక ఏకంగా ఓడ! బార్సిలోనాలో బయల్దేరి మధ్యధరా సముద్రంమీద నాలుగు రోజులు... పాత అభిమానులు నెరిసిన జుట్టుతో డెక్‌మీద చిందేశారు.

అలకలూ ఉన్నాయి

ప్రేమ ఉన్నచోట అలక ఉండదా? 2000లో స్టువర్ట్ డేవిడ్, 2002లో ఇసోబెల్ క్యాంప్‌బెల్ బృందాన్ని విడిచిపెట్టారు. 2003 ఆల్బమ్‌కు భారీ హంగులకు పేరుపడ్డ నిర్మాత ట్రెవర్ హార్న్‌ను తెచ్చుకున్నారు. ‘మన పాట మనకు కాకుండా పోతోంది’ అని తొలినాళ్ల అభిమానులు కొందరు దిగులుపడ్డారు. ఆ ఆల్బమ్ మాత్రం 2004లో ప్రతిష్ఠాత్మకమైన మెర్క్యురీ బహుమతి తుది జాబితాకెక్కింది. 2005లో ‘ది లిస్ట్’ పత్రిక పోల్‌లో స్కాట్లాండ్ అత్యుత్తమ బృందంగా ఓట్లు వీళ్లకే పడ్డాయి. 2006లో లాస్ ఏంజెలెస్‌లో 17 వేలమందికి పైగా పట్టే హాలీవుడ్ బౌల్‌లో, ఆ నగర ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో కలిసి పాడారు. చర్చి హాలు నుంచి అంతదూరం!

వెక్కిరింతలకూ కొదవలేదు. ‘మరీ సుకుమారం’, ‘ఏడుపుగొట్టు పాటలు’ అని విసుక్కునేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. 2000లో వచ్చిన ‘హై ఫిడెలిటీ’ సినిమాలో రికార్డుల దుకాణం కుర్రాడొకడు ఈ బృందం పాట వినలేక ఆపేసే సన్నివేశం అందరికీ గుర్తే. అభిమానులే దాన్ని చెప్పుకుని నవ్వుకుంటారు.

వీళ్ల కచేరీల్లో ఓ అలవాటుంది. ‘ద బాయ్ విత్ ది అరబ్ స్ట్రాప్’ పాట వచ్చేసరికి ముందు వరసల్లో ఉన్నవాళ్లను వేదికమీదికి పిలుస్తారు. డాన్సు వచ్చా రాదా అని అడగరు. బళ్లో ఎప్పుడూ గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లకు కూడా అక్కడ చోటుంటుంది. 2017 చివర్లో, 2018 మొదట్లో విడుదల చేసిన మూడు చిన్న ఆల్బమ్‌ల అట్టలకోసం అభిమానుల్నే పిలిచి ఫొటోలు తీశారు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో మర్డాక్ ఫేస్‌బుక్‌లో ధ్యానం చేయించాడు. గదిలో బందీగా రోజులు ఎలా నెట్టాలో అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు మరి.

దాచుకున్న కథ బయటికి...

జబ్బు గురించి నేరుగా పాడటానికి అతనికి చాలా ఏళ్లు పట్టింది. 2015లో వచ్చిన ‘నోబడీస్ ఎంపైర్’ పాటలో ఆ రోజుల్ని విప్పి చెప్పాడు. 2024లో అదే పేరుతో నవల రాశాడు. 1990ల తొలినాళ్ల గ్లాస్గోలో ఎంఈతో బాధపడే స్టీఫెన్ అనే కుర్రాడి కథ అది. మంచంపట్టిన నేస్తాలు ఒకరికొకరు తోడుండటం, ఓపిక తెచ్చుకుని కాలిఫోర్నియా ప్రయాణం కట్టడం, పాట దొరకడం... రచయిత బతుకే నవలైంది.

జబ్బు అతణ్ని పూర్తిగా వదల్లేదు. 2023 జనవరిలో కొత్త ఆల్బమ్ ‘లేట్ డెవలపర్స్’ వచ్చింది. ఆ ఏడాదే మర్డాక్ ఆరోగ్యం బాగోలేక కచేరీలు రద్దు చేయాల్సి వచ్చింది. టికెట్లు కొనుక్కుని, సెలవులు పెట్టుకుని ఎదురుచూసే వాళ్లకు అది నిరాశే. కానీ ఈ పాటలు వింటూ పెరిగినవాళ్లకు, ‘ఒంట్లో ఓపిక లేదు’ అన్న మాటను విడమరచి చెప్పాల్సిన పనిలేదు. వాళ్లు ఈ పాట దగ్గరికి చేరిందే అలాంటి రోజు ఒకటి వచ్చినప్పుడు!

హుషారుగా ఉన్నప్పుడు వినడానికి పాటలు బోలెడు. లేవలేని రోజున, ఎవరితోనూ మాట్లాడాలని లేని రోజున పక్కన కూర్చునే పాటలు కొన్నే ఉంటాయి. వాటిని ఇచ్చినవాణ్ని జనం తారగా కాదు, సొంతమనిషిగా చూసుకుంటారు. ఓ కుర్రాడు తన గదిలో తనకు తోడుగా కట్టుకున్న పాటలు, అతనికి తెలియని ఎన్నో గదుల్లో మరెందరికో తోడుగా ఉన్నాయి. అంతకన్నా పెద్ద హిట్ ఏముంటుంది!