గూడ్సుబండిని గమనించుట: ఒక శాస్త్రీయ వినోదము

ఊరి ప్రక్కగా గూడ్సుబండి పోవుచుండగా దాని పెట్టెలను లెక్కపెట్టని పిల్లవాడు అరుదు. గేటు పడినదని విసుగుకొను పెద్దలు కూడ తమకు తెలియకయే ఇరువది ముప్పది వరకు లెక్కించి, ఆపై లెక్క తప్పుదురు. ఈ చిన్న కుతూహలమునే కొందరు పద్ధతిగా పెంచుకొని ఒక వినోదముగా చేసికొనిరి. బండ్లను చూచుట, వాటిపై నున్న సంఖ్యలను వ్రాసికొనుట, ఫోటోలు తీయుట, తీసిన వానిని వర్గీకరించి భద్రపరచుట ఇందలి ముఖ్యమైన పనులు. పక్షులను గమనించువారును, నక్షత్రములను గమనించువారును ఉన్నట్లే రైళ్లను గమనించువారును అనేక దేశములలో ఉన్నారు.

ప్రయాణీకుల బండ్లకు అందరికి తెలిసిన కాలపట్టిక ఉండును. గూడ్సుబండికి అట్టిది ప్రకటింపరు. అది ఎప్పుడు వచ్చునో, ఏమి మోసికొని వచ్చునో ముందుగా తెలియదు. కావుననే దానికొరకు ఎదురుచూచుటలో పక్షికొరకు ఎదురుచూచుటలో ఉన్నంత ఆసక్తి కలదు. ఓపిక, నిశితమైన చూపు, సరిగా వ్రాసికొను అలవాటు అను మూడును దీనికి కావలెను. ప్రయోగశాలలో విద్యార్థికి కావలసినవియు ఇవియే.

వినోదము పెరిగిన విధము

రైళ్లను గమనించు అలవాటు చాల పాతదే అయినను, దానిని బ్రిటనులో బాలుర మధ్య విస్తారముగ వ్యాపింపజేసినది ఒక చిన్న పుస్తకము. లండనులో సదరన్ రైల్వే కార్యాలయమున పనిచేయుచుండిన ఇయాన్ అలన్ అను యువకుడు, ఇంజనులను గురించి ప్రజలు వ్రాయు ప్రశ్నలకు జవాబులిచ్చి యిచ్చి అలసి, ఆ ఇంజనుల సంఖ్యలన్నిటిని ఒకచోట చేర్చి 1942లో అచ్చువేసెను. బాలురు ఆ పుస్తకము చేతబట్టి, కంటబడిన ప్రతి ఇంజను సంఖ్య క్రింద గీత గీయుచు వచ్చిరి. 1944లో టాంవర్తు అను చోట కొందరు పిల్లలు రైలుమార్గముపైకి పోయి చిక్కులు తెచ్చుకొనగా, అలన్ ఒక సంఘమును స్థాపించెను. రైల్వే ఆవరణలో అనుమతి లేక ప్రవేశింపమని, పనివారికి అడ్డు తగులమని అందలి సభ్యులు మాట ఇయ్యవలసి యుండెను. ఈ వినోదములో క్రమశిక్షణకు ఎంత విలువ గలదో దీనివలన తెలియును.

అమెరికాలో విన్‌స్టన్ లింక్ అను ఛాయాగ్రాహకుడు 1955 నుండి 1960 వరకు నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేపై ఆవిరి ఇంజనుల ఫోటోలు తీసెను. ఆ కంపెనీ ఆవిరి ఇంజనులను విడనాడుచున్న కాలమది. పగటి వెలుతురు మన అదుపులో ఉండదు గనుక ఆయన అనేక చిత్రములను రాత్రివేళ, పెద్ద సంఖ్యలో ఫ్లాష్ బల్బులను ఒక్కమారుగా వెలిగించి తీసెను. 1956లో వెస్ట్ వర్జీనియాలో ఆరుబయలు సినిమా ప్రదర్శన ప్రక్కగా పోవు గూడ్సుబండిని ఆయన తీసిన చిత్రము మిక్కిలి ప్రసిద్ధము. ఫ్లాష్ వెలుతురులో సినిమాతెర తెల్లబోయినందున, తెరపై బొమ్మను తరువాత అచ్చు తీయునప్పుడు చేర్చవలసి వచ్చెను. ఆ ఇంజనులు మరలిపోయినను వాటి రూపము ఆ చిత్రములలో నిలిచియున్నది.

ఇంజను పేరును చదువుట

మన దేశములో గమనింప నారంభించువారు మొదట ఇంజను పేరును చదువ నేర్వవలెను. ఇంజనుపై 'డబ్ల్యు ఎ జి 9' అని ఉన్నదనుకొందము. 'డబ్ల్యు' అనగా 1,676 మిల్లీమీటర్ల వెడల్పు గల బ్రాడ్ గేజి మార్గమునకు చెందినది. 'ఎ' అనగా ఏకాంతర విద్యుత్తుతో, అనగా ఏ.సి. కరెంటుతో, నడచునది. 'జి' అనగా గూడ్సుబండి లాగుటకై నిర్మించినది. చివరి అంకె నమూనాను తెలుపును. 'ఎ'కు బదులు 'డి' యున్నచో డీజిలు ఇంజను. 'జి'కి బదులు 'పి' యున్నచో ప్రయాణీకుల బండ్లకు చెందినది. బీహారులోని మధేపురాలో నిర్మింపబడి 2020లో పనిలో ప్రవేశించిన 'డబ్ల్యు ఎ జి 12' ఇంజనుకు 12,000 అశ్వశక్తి కలదు. అది రెండు భాగములుగ జతపడి యుండును గనుక దూరమునుండియే గుర్తింపవచ్చును.

పెట్టెలకును ఇట్టి పేర్లు కలవు. 'బి సి ఎన్' అనునది బోగీలపై నడచు, కప్పు గల, గాలి బ్రేకుల పెట్టె. ధాన్యము, సిమెంటు, ఎరువుల వంటి తడవరాని సరకులు ఇందులో పోవును. 'బాక్స్ ఎన్' అనునది ఎత్తైన గోడలు గల మూతలేని పెట్టె. బొగ్గు, ఇనుప ఖనిజము దీనిలో పోవును. 'బి టి పి ఎన్' పెట్రోలియము నూనెలను మోయు పీపా. అడుగున తలుపులు తెరచుకొని బొగ్గును త్వరగా రాల్చు పెట్టెలు థర్మల్ విద్యుత్కేంద్రములకు పోవుచుండును. పెట్టె ఆకారమును చూచి సరకును, సరకును చూచి బండి ఎక్కడినుండి ఎక్కడికి పోవుచున్నదో ఊహించుట భూగోళశాస్త్రమునకు చక్కని అభ్యాసము.

పదునొకండు అంకెల గుట్టు

ప్రతి పెట్టెపైన పదునొకండు అంకెల సంఖ్య యొకటి వ్రాసియుండును. మొదటి రెండంకెలు పెట్టె రకమును, తరువాతి రెండు అది ఏ రైల్వేకు చెందినదో దానిని, ఐదు ఆరు అంకెలు నిర్మించిన సంవత్సరమును, తరువాతి నాలుగు ఆ పెట్టె ప్రత్యేక సంఖ్యను తెలుపును. పదునొకండవది పరీక్షాంకము. పై పది అంకెలను వ్రాసికొనుటలో తప్పు జరిగినదో లేదో చూచుటకు ఇది ఉపయోగపడును.

లెక్క సులభము. సరి స్థానములలోని (2, 4, 6, 8, 10) అంకెలను కూడి 3చే గుణింపవలెను. దానికి బేసి స్థానములలోని అంకెల మొత్తమును కలుపవలెను. వచ్చినదానిని ఆపై నున్న పదుల సంఖ్యగా చేయుటకు ఎంత కలుపవలెనో అదియే పరీక్షాంకము. ఉదాహరణకు మొదటి పది అంకెలు 1009152374 అనుకొందము. సరి స్థానములలో 0, 9, 5, 3, 4, మొత్తము 21, మూడింతలు 63. బేసి స్థానములలో 1, 0, 1, 2, 7, మొత్తము 11. రెండును కలిపిన 74. దీనిని 80 చేయుటకు 6 కావలెను. కావున పూర్తి సంఖ్య 10091523746.

పోవుచున్న బండిపై 5ను 6గా చదివితిమనుకొనుడు. అప్పుడు పరీక్షాంకము 3 రావలెను. పెట్టెపై 6 ఉన్నది. తప్పు వెంటనే బయటపడును. ప్రక్కప్రక్కన నున్న రెండంకెలు తారుమారైనను సాధారణముగా పట్టుబడును. అయితే ఆ రెండంకెల భేదము సరిగా 5 అయినచో ఈ లెక్క తప్పును పట్టజాలదు. ఎందువలననో విద్యార్థులు తామే నిరూపింపవచ్చును.

గడియారముతో వేగము కొలుచుట

'బాక్స్ ఎన్' పెట్టె పొడవు, కొక్కెముతో సహా, సుమారు 10.7 మీటర్లు. ఒక బండిలో సాధారణముగా 58 పెట్టెలుండును. అనగా పెట్టెల పొడవే 620 మీటర్లు. ఇంజనును, గార్డు పెట్టెను కలిపినను, స్టేషనులలో బండ్లు ఆగి దారి ఇచ్చు సుమారు 700 మీటర్ల ప్రక్కదారిలో అది ఇముడవలెను. పెట్టెల సంఖ్యకు కారణము ఇదియే. అంతకు మించిన పొడవు బండ్లను నడుపవలెనన్న ప్రత్యేకమైన ఏర్పాట్లు కావలెను. 2021 అక్టోబరులో దక్షిణ మధ్య రైల్వే కొండపల్లి నుండి 177 ఖాళీ పెట్టెలతో 'త్రిశూల్' అను బండిని నడిపెను. దాని పొడవు ఇంచుమించు రెండు కిలోమీటర్లు.

పొడవు తెలిసిన తరువాత వేగము తెలియుట కష్టము కాదు. ఒక స్తంభమును గుర్తుగా పెట్టుకొని, 20 పెట్టెలు దానిని దాటుటకు పట్టు కాలమును కొలువవలెను. 20 పెట్టెల పొడవు 214 మీటర్లు. 18 సెకనులు పట్టినచో వేగము సెకనుకు 11.9 మీటర్లు, అనగా గంటకు సుమారు 43 కిలోమీటర్లు. కొలుచుటలో అర సెకను పొరపాటు వచ్చినను ఫలితములో భేదము నూటికి మూడును మించదు. రెండు పెట్టెలనే లెక్కించినచో అదే పొరపాటు ఎంత పెద్దదగునో లెక్కించి చూడుడు. ఎక్కువ దూరముపై కొలుచుటలోని ప్రయోజనము అప్పుడు బోధపడును.

చెవియును ఉపయోగపడును. ఖాళీ పెట్టెలు గడగడ మ్రోగును. నిండినవి బరువుగా, గంభీరముగా పోవును. ఆగిన బండి కదలునప్పుడు ముందునుండి వెనుకకు 'టంగు టంగు'మని శబ్దము పరుగెత్తును. కొక్కెముల మధ్య కొంచెము సందు ఉండుటచే పెట్టెలన్నియు ఒక్కమారుగా కాక ఒకదాని తరువాత ఒకటి కదలుటయే దీనికి కారణము. ప్రతి పెట్టె నిలుకడను విడచి కదలుచున్న ఆ శబ్దములో జడత్వ నియమమును చెవితో వినవచ్చును.

ఫోటో తీయుటలో మెలకువలు

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనులో 500వ వంతు కాలములో 3.3 సెంటీమీటర్లు జరుగును. 50 మిల్లీమీటర్ల కటకము గల కెమెరాతో 50 మీటర్ల దూరమునుండి ప్రక్కగా తీసినచో బింబము వేయవ వంతుకు తగ్గును గనుక, కెమెరాలో బింబము జరుగునది 0.033 మిల్లీమీటరు. చిత్రమును పెద్దది చేసినపుడు ఇది కొంచెము అలుకుకొని కనబడును. షట్టరు కాలమును 1,000వ వంతుకు తగ్గించినచో చలనము సగమగును. లేదా బండి మనవైపు వచ్చుచుండగా, దాని దారికి 30 డిగ్రీల కోణములో నున్న చోటునుండి తీసినను చలనము సగమే కనబడును. ఇంజను ముఖమును, వెనుక పెట్టెల వరుసయు రెండును కనబడుటకు ఈ కోణమే అనుకూలము.

సెల్‌ఫోనులో తీయువారు ఒక వింతను గమనింతురు. నిటారుగా నుండు పెట్టెలు చిత్రములో ఒకవైపు ఒరిగినట్లు కనబడును. చాల ఫోనులలో చిత్రమంతయు ఒక్కమారు గాక, పైనుండి క్రిందికి వరుస వరుసగా నమోదగుటయే దీనికి కారణము. ఇందుకు సెకనులో 50వ వంతు పట్టినచో, ఆలోపల పై వేగముతో పోవు బండి 33 సెంటీమీటర్లు ముందుకు పోవును.

వెలుతురు మన వీపు వెనుకనుండి పడవలెను. విజయవాడ నుండి గూడూరు పోవు మార్గము వంటి ఉత్తర దక్షిణపు దారులలో ఉదయము తూర్పు వైపున, సాయంకాలము పడమటి వైపున నిలుచుట మేలు. నడిమధ్యాహ్నము నీడలు పెట్టెల క్రింద ముసరి చక్రములను కప్పివేయును.

అన్నిటికంటె ముందు ప్రాణము

ఈ వినోదములో ప్రమాదము మాటలలోనిది కాదు. విద్యుత్తు ఇంజను దూరమునుండి చప్పుడు చేయక వచ్చును. ఒక మార్గముపై బండిని చూచుచు రెండవ మార్గముపై వచ్చు బండిని గమనింపనివారు ప్రాణములు పోగొట్టుకొందురు. తలపైనుండు తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. తీగను తాకకపోయినను, మిక్కిలి దగ్గరకు పోయినచో అది గాలిని చీల్చుకొని మనిషిని చేరగలదు. కావున ఆగిన పెట్టెలపైకి ఎక్కుట, సెల్‌ఫోను కర్రను పైకెత్తుట మృత్యువును పిలుచుటయే.

అనుమతి లేక రైలుమార్గముపై ప్రవేశించుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము నేరము. మూసిన గేటుకు వెలుపల, ఊరి దారిప్రక్క మెరకపైన, ప్లాట్‌ఫారముపై పసుపుగీతకు వెనుక నిలిచి గమనింపవచ్చును. స్టేషనులో కెమెరా తీయుటకు ముందు స్టేషను మాస్టరును అడుగవలెను. రేవులు, సైనిక స్థావరముల దాపున కెమెరా తీయనే కూడదు.

జాగ్రత్తగా చూచువాడు ఇతరుల ప్రాణములకును మేలు చేయగలడు. స్టేషనులోని సిబ్బంది దాటిపోవు ప్రతి బండిని ఇరువైపుల కనిపెట్టి చూతురు. ఇరుసు వేడెక్కి పొగ వచ్చుట, ఏదైన భాగము వ్రేలాడుట, తలుపు తెరచుకొని యుండుట వారు వెదకు లోపములు. చివరి పెట్టె వెనుకనుండు గుర్తును చూచియే బండి పూర్తిగా వచ్చినదని నిశ్చయింతురు. అది లేనిచో దారిలో కొన్ని పెట్టెలు తెగిపోయి నిలిచి యుండవచ్చును. ఇట్టి లోపము మన కంటబడినచో వెంటనే గేటుమనిషికిగాని, స్టేషను మాస్టరుకుగాని తెలుపవలెను. లేదా 139 సంఖ్యకు ఫోను చేయవలెను.

పుస్తకములో ఏమి వ్రాయవలెను

ప్రతి ఫోటోకు తేది, వేళ, స్థలము, బండి పోవు దిక్కు, ఇంజను పేరు, సంఖ్య, పెట్టెల రకము, వాటి లెక్క వ్రాసియుంచవలెను. వివరములు లేని ఫోటో కొన్నేండ్లకు ఎవరికిని పనికిరాదు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను నాలుగు జట్లుగా చేసి, నెలకొక ఆదివారము సురక్షితమైన ఒకే చోటనుండి, తమ కనుల ఎదుట, గమనింపజేయవచ్చును. ఒక జట్టు సంఖ్యలను, ఒకటి వేగమును, ఒకటి సరకులను, ఒకటి ఫోటోలను చూచుకొనవచ్చును. సంవత్సరాంతమున ఏ నెలలో బొగ్గు ఎక్కువగా పోయినదో, ఎరువులు ఎప్పుడు వచ్చినవో పట్టిక వేసి గోడపై నంటించినచో, తమ ఊరి ప్రక్కనుండి పోవు ఇనుపదారి దేశపు పొలములను, గనులను, రేవులను ఎట్లు కలుపుచున్నదో ఆ పిల్లలకు ఇతరులు చెప్పనక్కరలేదు.