ఎనిమిది రంధ్రాల లెక్క

సినిమా కోసం చేసిన రివర్సల్ (స్లైడు తరహా) ఫిలిం వేరే జాతిదనీ, స్టిల్ కెమెరాలో ఇమడదనీ చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు. 35 ఎం.ఎం. స్టిల్ కెమెరా పుట్టిందే సినిమా రీలు మీద. ఆస్కార్ బర్నాక్ ఆ రీలునే అడ్డంగా నడిపించి, 18×24 మి.మీ. సినిమా ఫ్రేమును రెట్టించి 24×36 చేశాడు. అదే 1925లో బజారుకొచ్చిన లైకా. కోడాక్రోమ్ కూడా 1935లో ముందు 16 ఎం.ఎం. సినిమా ఫిలింగానే వచ్చింది, స్లైడుగా మారింది ఆ మరుసటి ఏడు. రసాయనం సంగతి చూసినా అంతే. మొదటి డెవలపర్ వెలుతురు తగిలిన చోట వెండి నెగటివ్‌ను తేలుస్తుంది. మిగిలిపోయిన వెండి లవణాన్ని రెండో దఫా రంగు డెవలపర్ పట్టుకుంటుంది, అక్కడే రంగులు పుడతాయి. తర్వాత వెండి అంతా కరిగిపోయి రంగు పాజిటివ్ మిగులుతుంది. తన మీద పడ్డ వెలుతురు ఏ కెమెరాలోంచి వచ్చిందో ఫిలింకి పట్టదు.

రంధ్రాల మాటేమిటని అడగవచ్చు. ఈ అభ్యంతరం గట్టిదే, దాని వెనకున్న తెలివి ఇంకా అందమైనది. ప్రింటు తీసేటప్పుడు నెగటివ్‌నూ ప్రింటు ఫిలింనూ ఒకదానికొకటి ఆనించి పళ్ల చక్రం మీదుగా నడిపిస్తారు. నెగటివ్ లోపలి వంపులో, ప్రింటు బయటి వంపులో పోతాయి. బయటి దారి వెంట్రుకవాసి పొడవు. రంధ్రాల ఎడం రెండింటికీ ఒకటే అయితే పొరలు జారి బొమ్మ మసకబారుతుంది. అందుకే సినిమా కెమెరా నెగటివ్‌కి ఎడం 4.74 మి.మీ., ప్రింటుకి 4.75. స్టిల్ ఫిలింకీ 4.75 ఎడమే పెట్టారు. ఇప్పుడు లెక్క కడదాం. సినిమా ఫ్రేముకి 4 రంధ్రాలు, స్టిల్ ఫ్రేముకి 8. పొట్టి ఎడం ఉన్న ఫిలిం వేస్తే ఫ్రేముకి తగ్గేది 0.08 మి.మీ. రెండు ఫ్రేముల మధ్య ఖాళీయే 2 మి.మీ. ఉంటుంది, ఆ ఖాళీలో ఈ తేడా కంటికి ఆనదు. కెమెరాలోని పళ్ల చక్రం పొడవును కొలవడం లేదు, రంధ్రాలను లెక్కపెడుతోంది. సినిమా నెగటివ్‌ను కత్తిరించి స్టిల్ కెమెరాల్లో వాడేవాళ్లు ఎందరో ఉండడమే దీనికి రుజువు.

ల్యాబు ఒప్పుకోదన్నది ఇంకో అభ్యంతరం. అది రంగు నెగటివ్‌కి చెల్లుతూ వచ్చింది, ఎందుకంటే దాని వీపున నల్లటి కర్బనపు పూత ఉండి ఇతర ల్యాబుల ద్రావణాలను పాడుచేసేది. కోడాక్ వారి ఎక్టాక్రోమ్ 100డి రివర్సల్ సినిమా ఫిలింకి ఆ పూత లేదు, మామూలు స్లైడు కడిగే ఇ-6 పద్ధతే దానిదీ. ఎదురు దిశలోనూ సాక్ష్యం ఉంది. 1999 నాటి ‘త్రీ కింగ్స్’ చిత్రంలో కొంత భాగాన్ని స్లైడు ఎక్టాక్రోమ్ మీద తీశారు.

అసలు చిక్కు దొరకడంలో ఉంది. స్లైడు ఎక్టాక్రోమ్, సినిమా ఎక్టాక్రోమ్ రెండింటినీ కోడాక్ 2012లోనే ఆపేసింది. 2018లో స్టిల్ రోలూ సూపర్ 8 కార్ట్రిడ్జీ మళ్లీ కలిసే వచ్చాయి. ఒకరి గిరాకీ రెండోవారి సరుకును బతికిస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? 2022లో వచ్చిన ‘యుఫోరియా’ సీరియల్ రెండో సీజన్‌లో కొంత భాగాన్ని 35 ఎం.ఎం. ఎక్టాక్రోమ్ మీద తీశారంటే స్లైడు ప్రియులకు అది పరాయి వార్త కాదు. సినిమా క్యాను 400 అడుగులు, అంటే 122 మీటర్లు. 36 ఫ్రేముల రోలుకి సుమారు 1.65 మీటర్లు చాలు కాబట్టి క్యానుకి 70కి పైగా రోళ్లు. ఒక్కరికి అది మోయలేని కొనుగోలు, నలుగురు పంచుకుంటే తేలిక. చీకట్లో క్యాసెట్లకు చుట్టుకుని, వేగం కోడ్ ఉండదు కనక కెమెరా మీద 100ని చేత్తోనే పెట్టుకుంటే సరిపోతుంది.