8.4 కర్బన రంగులు, దృశ్యకాంతితో రసాయన చర్యలు

లక్ష్యాలు: ఈ విభాగం చదివిన తరువాత మీరు
• తక్కువ శక్తి గల కాంతి రసాయన చర్యను ఎలా నడపగలదో వివరించగలుగుతారు.
• ఇయోసిన్-వై ఉత్ప్రేరక చక్రాన్ని దశలవారీగా రాయగలుగుతారు.

8.4.1 పరిచయం

శామీర్‌పేట దాటి తుర్కపల్లి చేరితే జీనోమ్ వ్యాలీ వస్తుంది. మందుల పరిశోధన, తయారీ సంస్థలు అక్కడ అనేకం ఉన్నాయి. ఒక మందు అణువును నిర్మించాలంటే సాధారణంగా అనేక దశలు అవసరం. చాలా దశల్లో ద్రావణాన్ని గంటల తరబడి వేడి చేయాలి, లేదా లోహ ఉత్ప్రేరకం వాడాలి. వేడికి ఇంధనం ఖర్చవుతుంది. లోహం విషయంలో మందులో మిగిలే అవశేషానికి పరిమితి ఉంది. ఉదాహరణకు, ఐ.సి.హెచ్. క్యూ3డి మార్గదర్శకం ప్రకారం నోటి ద్వారా వాడే మందుల్లో రుథేనియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదు.

2008లో అమెరికాలో మాక్‌మిలన్, యూన్ బృందాలు వేర్వేరుగా రుథేనియం సంక్లిష్టాన్ని, మామూలు దీపకాంతిని వాడి కర్బన చర్యలు జరిపాయి. ఖరీదైన ఆ లోహం స్థానంలో చవకైన రంగును వాడవచ్చా అన్నది తరువాతి ప్రశ్న. శామీర్‌పేట దగ్గరి బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణంలోనూ దృశ్యకాంతి ఉత్ప్రేరణపై పరిశోధన జరుగుతోంది.

8.4.2 ఆకుపచ్చ కాంతి శక్తి ఎంత?

సుమారు 1,19,600 అనే సంఖ్యను నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక మోల్ ఫోటాన్ల శక్తి కిలోజౌళ్లలో వస్తుంది.

254 నా.మీ. అతినీలలోహిత కాంతి: సుమారు 471 కి.జౌ.
530 నా.మీ. ఆకుపచ్చ కాంతి: సుమారు 226 కి.జౌ.

కార్బన్-కార్బన్ ఏకబంధ శక్తి సుమారు 347 కి.జౌ. అంటే ఆకుపచ్చ కాంతి ఆ బంధాన్ని నేరుగా తెంచలేదు. పైగా చాలా కర్బన చర్యాకారకాలకు రంగు ఉండదు. అవి దృశ్యకాంతిని శోషించవు. శోషించని కాంతి వల్ల చర్య జరగదు. అతినీలలోహిత కాంతికి శక్తి ఎక్కువే గాని, అది అవసరం లేని బంధాలను కూడా తెంచి ఉపఉత్పన్నాలను పెంచవచ్చు.

కాబట్టి కాంతిని శోషించే పని రంగుకు అప్పగిస్తాం. రంగు బంధాన్ని తెంచదు. ఒక ఎలక్ట్రాన్‌ను చేతులు మారుస్తుంది. ఇదే ఈ పద్ధతికి మూలం.

8.4.3 ఇయోసిన్-వై పనిచేసే విధానం

రోగనిర్ధారణ ప్రయోగశాలల్లో కణజాలానికి గులాబీ రంగు వేయడానికి వాడేది ఇయోసినే. ఇది ఆకుపచ్చ కాంతిని బలంగా శోషిస్తుంది. ఉత్తేజిత స్థితిలో ఇది ఎలక్ట్రాన్‌ను ఇవ్వడమూ తీసుకోవడమూ తేలికవుతాయి.

2012లో జర్మనీలోని రీగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో దుర్గాప్రసాద్ హరి, ష్రోల్, కోనిగ్ ఎరైల్ డయజోనియం లవణాన్ని ఫ్యూరాన్ వంటి విషమ వలయ సమ్మేళనాలతో కలిపారు. ఉత్ప్రేరకం 1 మోల్ శాతం ఇయోసిన్-వై. కాంతి 530 నా.మీ. ఎల్.ఇ.డి. వేడి చేయనక్కరలేదు.

1. ఇయోసిన్ కాంతిని శోషించి, సింగ్లెట్ స్థితి నుంచి ఎక్కువ సేపు నిలిచే ట్రిప్లెట్ స్థితికి మారుతుంది.
2. అది డయజోనియం అయాన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. నైట్రోజన్ వాయువు వెలువడి ఎరైల్ స్వేచ్ఛా రాడికల్ ఏర్పడుతుంది.
3. రాడికల్ ఫ్యూరాన్‌తో కలుస్తుంది.
4. అలా ఏర్పడిన మధ్యస్థం, ఎలక్ట్రాన్ కోల్పోయిన ఇయోసిన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది. తరువాత ప్రోటాన్‌ను కోల్పోయి ఉత్పన్నమవుతుంది. ఇయోసిన్ మళ్లీ మొదటి స్థితికి వస్తుంది.

8.4.4 పరిమితులు

గాజు కుప్పెలో బాగా జరిగిన చర్య పెద్ద రియాక్టర్‌లో మందగించవచ్చు. బీర్-లాంబర్ట్ నియమం ప్రకారం లోతుకు వెళ్లేకొద్దీ కాంతి తీవ్రత వేగంగా తగ్గుతుంది. అందుకే పెద్ద పరిమాణాలకు ద్రావణాన్ని సన్నని గొట్టాల గుండా ప్రవహింపజేస్తూ కాంతి పడేలా చేస్తారు. రంగు కూడా క్రమంగా వెలిసిపోవచ్చు. కొన్ని డయజోనియం లవణాలు పొడిగా ఉన్నప్పుడు పేలే ప్రమాదం ఉంది. లోహం లేనంత మాత్రాన వ్యర్థం లేనట్టు కాదు: రంగు కలిసిన ద్రావణిని కాలువలోకి వదలకుండా వేరుచేసి శుద్ధి చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 450 నా.మీ. నీలి కాంతి ఒక మోల్ ఫోటాన్ల శక్తిని లెక్కించండి. అది కార్బన్-కార్బన్ ఏకబంధాన్ని నేరుగా తెంచగలదా?
2. పై చక్రంలో ఇయోసిన్‌ను ఉత్ప్రేరకం అని ఎందుకు అంటాం?

జవాబులు: 1. సుమారు 266 కి.జౌ.; తెంచలేదు. 2. చక్రం చివర అది మార్పు లేకుండా తిరిగి లభిస్తుంది కాబట్టి.